ఉప్పు చల్లకండి, నేలను కప్పండి

తొలకరి పడి వారం తిరక్కముందే పెరడంతా పచ్చబడుతుంది. ఆ వెంటనే కాలనీ వాట్సాప్ గ్రూపులో వీడియోలు రావడం మొదలవుతుంది: వంటింట్లో ఉండే మూడు వస్తువులతో కలుపు మాయం, ఖర్చు లేదు, కష్టం లేదు, నడుం వంచక్కర్లేదు. ఏ వీడియో తెరిచినా ఆ మూడూ అవే, ఉప్పు, వెనిగర్, గిన్నెలు తోమే లిక్విడ్. ఈ ఏడాది కూడా వచ్చాయి, పది మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు, నేను మాత్రం వద్దని పెద్ద మెసేజ్ పెట్టాను. గ్రూపులో అంత వివరంగా రాయడం కుదరదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. వంటింటి సరుకు కలుపును చంపే మందు కాదు, ఉప్పులాంటిదాన్ని మందులా వాడితే నేల పాడవుతుంది. దాని బదులు వంటింట్లో మిగిలే చెత్తను నేలకు దుప్పటిలా కప్పితే కలుపు చాలావరకు మొలవనే మొలవదు. హైదరాబాద్‌లో బోడుప్పల్ వైపు మాకున్న కాస్త పెరటిలో ఏళ్ళుగా చేస్తున్న పని ఇదే.

అసలు కలుపు ఎందుకొస్తుందో ఆలోచించండి. ఏ మట్టిలోనైనా పై రెండు మూడు అంగుళాల్లో కలుపు విత్తనాలు లెక్కలేనన్ని పడి ఉంటాయి, వాటిలో కొన్ని ఏళ్ళ తరబడి అలాగే ప్రాణంతో ఉండగలవు. వీటిలో చాలావాటికి, ముఖ్యంగా చిన్న చిన్న గింజలకి, మొలవాలంటే తడితో పాటు వెలుతురు కూడా కావాలి. మనం పారతో మట్టి తిరగేసిన ప్రతిసారీ కింద నిద్రపోతున్న విత్తనాలను పైకి తెచ్చి ఎండ చూపిస్తున్నాం అన్నమాట. శుభ్రంగా తవ్వి, శుభ్రంగా ఊడ్చి, బోడిగా వదిలేసిన నేలలోనే కలుపు ఎక్కువ రావడానికి కారణం అదే. మనవాళ్ళకి పెరడు కూడా వాకిలిలా ఉండాలనే పట్టింపు ఒకటి. వాకిలి ఊడ్చి చల్లి ముగ్గు పెడతాం, అక్కడ ఆకు ఉండకూడదు, నిజమే. కానీ దానిమ్మ చెట్టు కింద ఎవరు ముగ్గు పెడతారు? మా అమ్మ నల్గొండ పక్క పల్లెలో వ్యవసాయం చేసిన మనిషి, నేను చీపురు పట్టుకుని చెట్ల కిందికి వెళ్తే అరిచేది, "ఆకులు ఊడవకు బిడ్డా, ఉట్టి నేల కనిపిస్తేనే గడ్డి వస్తది" అని. ఆమె వెలుతురు సంగతి చదువుకోలేదు కానీ చూసి తెలుసుకుంది.

ఇప్పుడు ఉప్పు సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మిగతా వాటివల్ల డబ్బో సమయమో పోతుంది, దీనివల్ల నేలే పోతుంది.

ఉప్పు చల్లితే మొక్క చచ్చిపోవడం నిజమే. వేర్లు నీళ్ళు లాగలేవు, ఆకు ఎండిపోతుంది, వీడియోలో చూపించేది అంతవరకే. ఆ తర్వాత ఆ ఉప్పు ఎక్కడికి పోతుంది? అది కుళ్ళదు, గాల్లో కలవదు. అందులోని సోడియం మట్టిలో కాల్షియం ఉండాల్సిన చోట చేరుతుంది, బంకమట్టి రేణువుల పట్టు విడిపోతుంది, వాన పడితే నేల పైన పేడు కట్టినట్టు గట్టిపడుతుంది, నీళ్ళు ఇంకవు. మన ఇళ్ళ స్థలాల్లో అసలే బిల్డరు పోసిన మొరం, సిమెంటు పెళ్ళలు, దాని మీద ఎక్కడో తెచ్చి పరిచిన అడుగు మందం ఎర్రమట్టి. ఎండాకాలమంతా పోసేది బోరు నీళ్ళు, బకెట్‌కి తెల్లగా పొర కట్టే నీళ్ళు, వాటిలోనే లవణాలు ఎక్కువ. ఇంకా దొడ్డు ఉప్పు కూడా చల్లితే ఏమవుతుంది?

ఇంకో విషయం వీడియోలవాళ్ళు చెప్పరు. గరిక ఉప్పును బాగా తట్టుకునే గడ్డి. గంగవాయిలి కూర కూడా అంతే. అంటే మీరు ఉప్పు చల్లితే ముందు పోయేది మీ మల్లె, మీ కరివేపాకు, మీ బంతి. గరిక నాలుగు రోజులు ఎర్రబడి మళ్ళీ లేస్తుంది. మా వీధిలో రిటైరైన పెద్దాయన ఒకరు గోడ వారగా ఉన్న గరిక మీద సంచెడు ఉప్పు పోయించారు. వానలకి అది జారి పక్కనున్న కరివేపాకు మొదలుకి చేరింది. "అమ్మా, ఆకులన్నీ అంచులు మాడిపోతున్నయి, ఒకసారి చూడరాదూ" అని పిలిస్తే వెళ్ళాను. "అంకుల్, ఇక్కడేమైనా పోశారా?" అంటే అప్పుడు చెప్పారు. పైమట్టి తీయించేసి, జిప్సం వేసి, బాగా నీళ్ళు పారించి, పశువుల ఎరువు వేస్తే గానీ ఆ చోట మళ్ళీ ఏదీ పెరగలేదు. ఆ కరివేపాకు చెట్టు మాత్రం బతకలేదు. ఆయన ఎంత బాధపడ్డారో చూశాను, అందుకే ఉప్పు మాట వస్తే నేను ఊరుకోలేను.

ఉప్పు వద్దంటే ఊరగాయ జాడీ కడిగిన నీళ్ళు, మిగిలిన సాంబారు, ఉప్పేసి పల్లీలు ఉడికించిన నీళ్ళు, ఇవి కూడా వద్దనే అర్థం. చాలామంది ఇవన్నీ "ఆర్గానిక్కే కదా" అని మొక్కల్లో పోస్తుంటారు.

వెనిగర్ అంత హాని కాదు, కానీ అంత పనీ చేయదు. ఇంట్లో వాడే వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం నాలుగైదు శాతం ఉంటుంది. మిట్టమధ్యాహ్నం కొడితే సాయంత్రానికి ఆకు మాడుతుంది, రెండాకుల మీదున్న లేత మొలకలైతే చచ్చిపోతాయి కూడా. వేరు ఉన్న మొక్క మాత్రం కొన్ని రోజుల్లో కిందనుంచి మళ్ళీ చిగురిస్తుంది. గాఢత ఎక్కువున్న ఇరవై శాతం ద్రావణం పనిచేస్తుందని కొందరు కొంటున్నారు, అది కళ్ళనీ చర్మాన్నీ కాల్చే ఆమ్లం, పిల్లలు తిరిగే పెరట్లో దాంతో పనేంటి? ఇక బయో ఎంజైమ్. ఒక పాలు బెల్లం, మూడు పాలు నిమ్మ బత్తాయి తొక్కలు, పది పాలు నీళ్ళు కలిపి మూడు నెలలు పులియబెట్టేది. చాలా ఇళ్ళల్లో చేస్తున్నారు, మంచి పనే, నేల తుడవడానికి బాగుంటుంది. నీళ్ళు కలపకుండా పోస్తే పులుపుకి లేత మొలకలు మాడతాయి, అంతకు మించి తుంగ మీద, గరిక మీద దాని ప్రభావం ఏమీ ఉండదు.

నిజంగా పనిచేసేది ఒకటుంది, మరిగిన నీళ్ళు. పార్కింగ్ టైల్స్ సందుల్లో, గేటు ముందు సిమెంటు పగుళ్ళలో వచ్చే గడ్డి మీద సలసల కాగే నీళ్ళు పోస్తే ఆకు అక్కడికక్కడే ఉడికిపోతుంది. దీనికోసం ప్రత్యేకంగా గ్యాస్ వెలిగించక్కర్లేదు, గుడ్లు, చిలగడదుంపలు ఉడికించిన నీళ్ళు (ఉప్పు వేయనివి) చాలు. వార్చిన గంజి కూడా పనికొస్తుంది కానీ కుక్కర్లొచ్చాక గంజి వార్చే ఇళ్ళెన్ని? ముదురు గడ్డికి రెండు మూడు సార్లు పోయాల్సి వస్తుంది. మొక్కలున్న మట్టిలో మాత్రం పోయకండి, వానపాములు, మంచి వేర్లు అన్నీ పోతాయి.

సరే, ఇక కప్పడం గురించి.

పద్ధతి కష్టమేమీ కాదు. ఉన్న కలుపును నేల మట్టానికి కోసి, గింజ పట్టనిదైతే అక్కడే పడేయండి. నేల బాగా తడపండి. దాని మీద అట్టపెట్టెలు విప్పి పరచండి, ఈ ఊళ్ళో ఆన్‌లైన్ ఆర్డర్ల పుణ్యమా అని అట్టపెట్టెలకు కొదవ లేదు. టేపు, స్టిక్కర్లు పీకేయాలి, నున్నగా మెరిసే రంగు అట్టలు వద్దు. ఒక అట్ట అంచు మీద ఇంకో అట్ట జానెడు ఎక్కాలి, సందు దొరికితే గరిక అక్కడినుంచే వస్తుంది. అట్టలు లేకపోతే న్యూస్‌పేపర్ ఎనిమిది పది పొరలు వేయండి. మళ్ళీ తడపండి. ఆ పైన వంటింటి చెత్త పలచగా, దాని పైన ఎండుటాకులు మూడు నాలుగు అంగుళాలు. మొక్క మొదలుకి బెత్తెడు దూరం వదలండి, లేకపోతే కాండం కుళ్ళుతుంది.

వంటింటి చెత్త అంటే ఏది? ఇక్కడే చాలామంది తడబడతారు. ఉల్లిపొట్టు, వెల్లుల్లి పొట్టు, పల్లీ పొట్టు, బఠాణీ తొక్కలు, చిక్కుడు ఈనెలు, కొబ్బరి పీచు, మక్క కంకుల మీది ఆకులు, ఇవి నేల మీద కప్పడానికి మంచివి, నెమ్మదిగా కుళ్ళుతాయి. అరటితొక్క, కూరగాయల చెక్కు, టీ పొడి లాంటి తడి చెత్త అలా కాదు, అందులో నత్రజని ఎక్కువ, త్వరగా కరిగిపోయి ఎరువవుతుంది. ఆ ఎరువు మీ వంకాయకే కాదు, పక్కనున్న కలుపుకీ అందుతుంది! తడి చెత్తను పెరడంతా వెదజల్లేవాళ్ళ తోటలో పిచ్చి తోటకూర ఏపుగా పెరగడం నేను చూశాను. అందుకే దాన్ని అట్ట పైన, ఎండుటాకుల కింద, మధ్యలో పెట్టాలి. లేదా మొక్కకి మూరెడు దూరంలో జానెడు లోతు గుంట తీసి పూడ్చాలి. టమాటా, గుమ్మడి, బొప్పాయి గింజలున్న చెత్త ఎప్పుడూ గుంటలోకే, పైన వేస్తే అవే మొలిచి కొత్త కలుపవుతాయి.

ఒక సంగతి ఒప్పుకోవాలి, ఒక్క వంటింటి చెత్తతో పెరడంతా కప్పడం కుదరదు. నలుగురున్న ఇంట్లో వారం రోజుల తొక్కలు ఎండితే తట్టెడు కూడా కావు. అందుకని బయటినుంచి తెచ్చుకోవాలి, మన ఊళ్ళో దానికి లోటు లేదు. ఎండాకాలం చెరుకురసం బండి దగ్గర పిప్పి గుట్టలుగా పడి ఉంటుంది, అడిగితే సంతోషంగా ఇస్తారు (ఒకరోజు ఎండలో ఆరబెట్టండి, లేకపోతే తీపికి చీమలు, ఈగలు). వానాకాలం ట్యాంక్‌బండ్ మీద కంకులు కాల్చేవాళ్ళ దగ్గర మక్క ఆకులు సంచులకొద్దీ దొరుకుతాయి. ఇరానీ హోటల్లో డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా కాస్తారు కాబట్టి అక్కడ వడగట్టిన టీ పొడిలో పాలు ఉండవు, ఇంట్లో పాలతో మరిగించిన టీ పొడిలా వాసన కొట్టదు, కడిగే పని కూడా తక్కువ. అన్నిటికంటే విలువైనవి ఫిబ్రవరి, మార్చిలో రాలే కానుగ, వేప ఆకులు. రోడ్ల పక్కన వాటిని ఊడ్చి కుప్ప చేసి నిప్పు పెడుతుంటే నాకు కడుపు మండుతుంది. ఆ పొగ పీల్చేది మనమే, జూన్‌లో కలుపని ఏడ్చేదీ మనమే. మా వీధి ఊడ్చే అక్కతో మాట్లాడుకుని సంచుల్లో నింపించుకుంటాను, పొడిగా ఉంచితే వానల దాకా చక్కగా ఉంటాయి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. కొబ్బరిబోండాల చిప్పలు అలాగే పడేయకండి, వాన నీళ్ళు నిలిచి దోమలు గుడ్లు పెడతాయి, డెంగీ సీజన్ అదే. ముక్కలుగా కొట్టండి, లేదా బోర్లించండి. వండిన అన్నం, మాంసం, నూనె కూరలు పెరట్లోకి రానివ్వొద్దు, పందికొక్కులు వస్తాయి. అట్టలకు చెదలు పట్టొచ్చు, ఎర్రనేలల్లో ఇది మామూలే, ఇంటి గోడకు రెండు మూరల దూరంలో ఆపేయండి, చెట్టు మొదలుకి తగలనీయకండి. ముసురు పట్టినప్పుడు ఆకుల కింద నత్తలు చేరతాయి, సాయంత్రం టార్చి పట్టుకుని ఏరేయడమే.

ఇవన్నీ చేసినా తుంగ వస్తుంది. ఇది ముందే చెప్పకపోతే మోసం చేసినట్టు అవుతుంది. తుంగ ప్రపంచంలోనే అతి మొండి కలుపుగా పేరుపడ్డ మొక్క, దాని మొన కాగితాన్నే కాదు పలచటి ప్లాస్టిక్‌ని కూడా పొడుచుకుని పైకి వస్తుంది. నేల కింద గడ్డలు గొలుసుకట్టుగా ఉంటాయి, పైన పీకితే గొలుసు తెగి ఒక్కో గడ్డా ఒక్కో మొక్క అవుతుంది. దానికి ఉన్న బలహీనతలు రెండు. గడ్డ ఎండకు ఎండిపోతే చస్తుంది. నీడ పడితే ఎదగడం దానివల్ల కాదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండను వాడుకోవాలి. మే నెలలో నేల జానెడు లోతు తవ్వి, గడ్డలు ఏరి, దొరకనివి పైకొచ్చి ఎండేలా మట్టి తిరగేసి వదిలేయండి. మట్టి తిరగేస్తే కలుపొస్తుందని పైన చెప్పిన మాటకి ఇదొక్కటే మినహాయింపు. ఏరిన గడ్డలు బాగా ఎండాక పారేయకండి, తుంగముస్తలు అంటే అవే, సున్నిపిండిలో వేసే వాసన దినుసు.

తుంగతో విసిగిపోయినవాళ్ళే చివరికి మందు డబ్బా వైపు చూస్తారు. గ్లైఫోసేట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2015లో "మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేది" అనే వర్గంలో చేర్చింది. 2022 అక్టోబరులో కేంద్రం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదని ఆంక్ష పెట్టింది. అయినా సీసా ఇంటికి తెచ్చి చెప్పులు లేని కాళ్ళతో కొట్టేవాళ్ళను చూస్తుంటాం. ఐదెకరాల పత్తి వేసి, కూలీలు దొరక్క, కలుపు ఖర్చుకి అప్పు చేసే రైతు కష్టం వేరు, ఆ రైతుకి ఇక్కడ కూర్చుని నీతులు చెప్పే హక్కు నాకు లేదు. ఎండలో నడుం వంచి కలుపు తీసే ఆడవాళ్ళ కష్టం నేను చిన్నప్పుడు దగ్గరనుంచి చూశాను. కానీ నూరు గజాల పెరడున్న మనకి ఆ మందుతో ఏం అవసరం? ఒకవైపు నేలను కప్పగలిగిన తొక్కలన్నీ చెత్త ఆటోలో జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకి పంపుతాం, అక్కడి చుట్టుపక్కల జనం ఆ వాసనతో, చెడిపోయిన నీళ్ళతో ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. ఇంకోవైపు డబ్బు పెట్టి విషం కొంటాం. ఇది నాకు ఏ రకంగానూ మింగుడు పడదు.

అలాగని మొలిచిన ప్రతిదాన్నీ పీకేయాలని లేదు. గంగవాయిలి కూర మోండా మార్కెట్లో కట్టలు కట్టి అమ్ముతారు, మన పెరట్లో వస్తే కలుపంటాం. పప్పులో వేసుకుంటే పుల్లగా ఎంత బాగుంటుందో! అటికమామిడి కూడా కూరే. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఎవరూ విత్తని ఇలాంటి ఆకుకూరల విలువను ఎన్నో ఏళ్ళుగా చాటుతున్నాయి. గంగవాయిలిని పోలిన నేలబారు మొక్కలున్నాయి, తుంచితే పాలు కారితే అది తినేది కాదు, గంగవాయిలికి పాలు రావు. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు మాత్రం దీన్ని తగ్గించాలి, ఆక్సలేట్లు ఎక్కువ. వయ్యారిభామ విషయంలో ఈ దయ ఏమీ అక్కర్లేదు. ఒక్కో మొక్క వేల విత్తనాలు రాలుస్తుంది, చర్మానికి, ఊపిరికి అలర్జీ. వాన పడి నేల మెత్తబడ్డప్పుడు గ్లవుజులు వేసుకుని, పూత రాకముందే వేరుతో సహా పీకాలి. పూసిందైతే కంపోస్టులో వేయొద్దు. విత్తనం చావాలంటే కుప్ప 55 డిగ్రీలు దాటి వేడెక్కాలి, ఇంట్లో పెట్టుకునే కంపోస్టు కుండలో అంత వేడి పుట్టదు.

చివరిగా, నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఒకటుంది, దీన్ని వీడియోల్లో ఎవరూ చూపించరు. వానాకాలం రాగానే డబ్బాల్లో పప్పుధాన్యాలకు పురుగు పడుతుంది. పెసలు, బొబ్బర్లు, ఉలవలు, ఏవైనా సరే, బద్దలు కాకుండా గింజలుగా ఉన్నవి, చెత్తబుట్టలో వేయకండి. రాత్రి నానబెట్టి ఖాళీగా ఉన్న మడిలో ఒత్తుగా చల్లి పైన పలచగా మట్టి కప్పండి. పురుగు తిన్నవి అన్నీ మొలవవు కాబట్టి మామూలుకంటే రెట్టింపు చల్లాలి. మూడు నాలుగు వారాల్లో ఆకు నేలను మూసేస్తుంది, కింద నీడ పడుతుంది, తుంగ కూడా ఆ నీడలో పాలిపోయి సన్నబడుతుంది. పైగా ఇవి వేరుబుడిపెల్లో నత్రజనిని నిలవ చేస్తాయి. బుట్టలో మొలకలొచ్చిన చిలగడదుంప ఉంటే దాన్ని కూడా ఒక మూల పాతండి, తీగ పాకి ఆ మూలంతా కప్పేస్తుంది. పెసలు, బొబ్బర్లు ఇప్పుడే జూన్, జూలైలో చల్లుకోండి, ఉలవలు శ్రావణం దాటాక చల్లినా బాగా వస్తాయి. నెలా నెలన్నరకి పూమొగ్గ కనపడగానే నేల మట్టానికి కోసి అక్కడే పరిచేయండి, మోళ్ళు పీకొద్దు, వేర్లు లోపలే కుళ్ళనివ్వండి. తర్వాత ఆ పరుపును చేత్తో పక్కకి జరిపి, పట్టేంత చోటు చేసి వంగ నారు, టమాటా నారు నాటుకోవచ్చు, మడి మళ్ళీ తవ్వాల్సిన పని లేదు.